రెండో కుర్చీ ఊపిరి

డెల్మా ప్రింగిల్ ఇరవై రెండేళ్ళు ఆస్ట్రేలియాలోని మా హోబార్ట్ ఊరి ఆర్కెస్ట్రాలో రెండో ఫ్లూటు వాయించింది. హాలు తలుపు దగ్గర టికెట్లు చూసే పని నాది కాబట్టి అన్నేళ్ళూ ఆమె వాయించింది విన్నాను. విన్నాననుకున్నానంతే. రెండో ఫ్లూటు విడిగా వినపడకపోవడమే ఆ పనిలోని గొప్పతనమని తర్వాత ఆమే చెప్పింది.

పుట్టింది హ్యూవన్ లోయలో, ఆపిల్ తోటల మధ్య. బడి బ్యాండులో పిల్లలందరూ ట్రంపెట్ల మీద పడితే ఎవరికీ అక్కర్లేని ఫ్లూటు ఒకటి మిగిలింది. రెండు మీటలు సరిగా మూసుకునేవి కావు. వాటిని గట్టిగా నొక్కీ నొక్కీ వేళ్ళు కూడా మొండివైపోయాయని అక్క మర్ల్ ఇప్పటికీ అంటుంది. ఇరవై ఎనిమిదో ఏట ఆర్కెస్ట్రాలో రెండో కుర్చీ దొరికింది. ఆ కుర్చీలో మనిషి తన కోసం వాయించుకోడు. మొదటి ఫ్లూటు శ్రుతి కాస్త పైకి పోతే తనూ పోవాలి, దిగితే దిగాలి. ముఖ్యంగా, మొదటి ఫ్లూటు ఊపిరి తీసుకునే చోట తను తీసుకోకూడదు. ఇద్దరూ ఒక్కసారే ఆగితే పాటకు చిల్లు పడుతుంది. అందుకని స్వరాల వాక్యం మధ్యలో, ఎవరూ కనిపెట్టలేని చోట, దొంగతనంగా పీల్చుకోవాలి. డెల్మా అలా ఇరవై రెండేళ్ళు పీల్చింది.

ఆమె నలభై తొమ్మిదో ఏట మొదటి ఫ్లూటు ఆయన పదవీ విరమణ చేశాడు. ఆ కుర్చీకి డెల్మా దరఖాస్తు పెట్టింది. రెండో వాళ్ళు అలా పెట్టకూడదని రూలేమీ లేదు గాని, ఎవరూ పెట్టరు. ఓడిపోతే మర్నాడు మళ్ళీ అదే పక్క కుర్చీలో, గెలిచినవాళ్ళ శ్రుతికి ఒదిగి కూర్చోవాలి కదా.

ఆడిషన్ తెర వెనక జరుగుతుంది. వాయించేవాళ్ళకు పేరుండదు, నంబరే. చెప్పుల చప్పుడు బట్టి ఆడో మగో తెలిసిపోతుందని బూట్లు కూడా విప్పిస్తారు. డెల్మా ఆరో నంబరు. తెరకు అవతల కూర్చున్న ఏడుగురిలో విల్ఫ్ టాన్స్‌వెల్ ఒకడు. ఆర్కెస్ట్రాలో ఓబో అనే సన్నాయిలాంటి వాద్యం వాయిస్తాడు, మొదటి ఫ్లూటుకు పక్కనే కూర్చుంటాడు.

ఆ రోజు ఎవరినీ తీసుకోలేదు. సాయంత్రం క్యాంటీన్లో విల్ఫ్ ఆల్చిప్ప మాంసం కూరిన 'స్కాలప్ పై' రొట్టె తింటూ, ఎదుట కూర్చున్న డెల్మాయే ఆరో నంబరని తెలియక, ఆమెకే కబురు చెప్పాడు.

"ఆరో నంబరు స్వరం బంగారంలా ఉంది డెల్మా. కానీ ఎవరో రెండో కుర్చీ మనిషి. ఒంటరిగా వాయిస్తూ కూడా పక్కన ఇంకొకరున్నట్టు వాక్యం మధ్యలో ఊపిరి తీసుకున్నారు."

డెల్మా తన రొట్టె మొత్తం తిని, పళ్ళెం తీసి, ఇంటికెళ్ళింది.

స్వరాల కాగితాల మీద ఊపిరి కోసం పెట్టుకున్న పెన్సిలు గుర్తులన్నీ ఆ వారమే రబ్బరుతో చెరిపేసింది. కాగితం మీద పోయాయి, ఒంట్లో పోలేదు. పైగా పగలు ఆర్కెస్ట్రాలో, తాత్కాలికంగా వచ్చే మొదటి ఫ్లూటువాళ్ళ పక్కన, రెండో ఫ్లూటుగా పాత పద్ధతిలోనే పీల్చాలి, ఇంటి దగ్గర మొదటి ఫ్లూటుగా పీల్చాలి. ఒకే ఛాతీలో రెండు అలవాట్లు. చివరికి ఆదివారాలు అక్క మర్ల్ ఆపిల్ షెడ్డుకు వెళ్ళడం మొదలుపెట్టింది. మర్ల్‌కు సంగీతం రాదు. ఆపిల్స్ పెట్టెల్లో సర్దుతూ ఊపిరి చప్పుడు మాత్రం వినమంది డెల్మా. వాక్యం పూర్తవకుండా పీలిస్తే మర్ల్ రేకుడబ్బా మీద ఒకటి కొట్టేది.

"దొరికావే దొంగా. మూడోసారి ఇది. పాట వాయిస్తున్నావా, ఏట్లో మునిగి తేలుతున్నావా?"

"నువ్వు డబ్బా కొట్టు చాలు, వ్యాఖ్యానం అక్కర్లేదు."

"ఫీజు లేని గురువుని. వ్యాఖ్యానమే నా ఫీజు."

పధ్నాలుగు నెలలు పట్టింది. డబ్బా మోగని ఆదివారం మొదట ఒకటి వచ్చింది, తర్వాత వరసగా నాలుగు.

రెండోసారి ఆడిషన్లో ఆమెది పదకొండో నంబరు. ఈసారి వాక్యం మధ్యలో ఎక్కడా తెగలేదు. తెర తీశాక గాని అది డెల్మా అని ఏడుగురికీ తెలియలేదట. ఉద్యోగం వెంటనే ఇవ్వలేదు, ఆరు నెలలు పరీక్షగా చూస్తామన్నారు. మొదటి కుర్చీలో వాయించాలి, తర్వాత తోటివాళ్ళు ఓట్లేసి ఉంచడమో పంపడమో చేస్తారు. నేను హాలు వెనక నిలబడి ఆ ఆరు నెలలూ విన్నాను. ఒక కచేరీలో సోలో మొదట్లోనే స్వరం వణికింది. ఆమె ముఖం చూస్తే నాకు భయమేసింది. మర్నాడు రిహార్సలుకు అందరికంటే గంట ముందు వచ్చి, ఆ నాలుగు స్వరాలే పదే పదే వాయించుకుంది.

ఓట్లు పూర్తయ్యాయి. ఒక్క ఓటు తేడాతో కుర్చీ ఆమెదైంది.

మర్నాటి రిహార్సల్లో విరామం వచ్చినప్పుడు విల్ఫ్ తన ఓబో మొనకు పెట్టే రెల్లు రీడు చెక్కుకుంటూ, ఇంకొకరి నోటి వెంట నీకు తెలియకూడదని నేనే చెప్తున్నాను అన్నాడు.

"నేను వద్దనే ఓటేశాను. యాభై దాటాక మొదటి కుర్చీ ఎక్కితే ఎన్నాళ్ళు వాయిస్తావు చెప్పు?"

"ఎన్నాళ్ళైతే అన్నాళ్ళు," అంది డెల్మా. కోపం లేదు గొంతులో. "ఇందాక వాయించిన నెమ్మది భాగంలో నువ్వు శ్రుతి పైకి లాగుతున్నావ్ విల్ఫ్. ఇన్నేళ్ళూ నీ కోసం మేమే పైకొచ్చాం. ఇకమీదట నేను రాను. నువ్వే దిగు."

విల్ఫ్ రీడు ఓబోకు తగిలించుకున్నాడు. విరామం తర్వాత ఆ భాగం మళ్ళీ మొదలుపెట్టారు. మొదటిసారి అతను దిగలేదు. రెండు వాద్యాలూ ఒరుసుకుంటుంటే వెనక వరసల్లోవాళ్ళు తలలెత్తి చూశారు. రెండోసారీ దిగలేదు. డెల్మా తన స్వరం మీదే నిలబడింది.

మూడోసారి దిగాడు.