గోనెపట్టా తీయించిన ఫోటో

మార్కాపురంలో మెడలో కెమెరా వేసుకుని ఎవరైనా నడిచి వెళ్తుంటే, ఎక్కడో పెళ్ళి జరుగుతోందని అర్థం. పన్నెండేళ్ళుగా ఇక్కడ ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతున్నాను, ఆ సంగతి ఊళ్ళో చాలామందికి తెలుసు. అయినా కెమెరా కనబడితే చాలు, ముహూర్తం ఎన్నింటికి, డ్రోన్ కూడా తెచ్చారా అని అడుగుతారు. పెళ్ళిళ్ళు కాదండీ, నేను ప్రకృతిని తీస్తాను అంటే జాలిగా చూస్తారు. ప్రకృతి వైపు నుంచి కూడా నాకు పెద్దగా ప్రోత్సాహం లేదు.

ఉదాహరణకు నల్లమల. గిద్దలూరు దాటి రైలు కొండల్లోకి దూరాక తలుపు దగ్గర నిలబడి తీసిన ఫోటోలు నా దగ్గర వందల్లో ఉన్నాయి. సగం సొరంగాలు, అంటే ఉత్త నలుపు. మిగతా సగంలో లోయకు అడ్డంగా, ముందు పెట్టెలోంచి చెయ్యి చాపి అరటితొక్క విసిరేస్తున్న ప్రయాణికులు. పులి కోసం ఆరేళ్ళు తిరిగాను. ఆరేళ్ళలో నేను దగ్గరగా తీయగలిగిన పులి ఒక్కటే, అటవీశాఖ బోర్డు మీద ఉన్నది. దానికి కూడా ఒక కన్ను తుప్పు పట్టింది.

ఇక నగరం. హైదరాబాదులో నాలాంటి సెలవురోజు ఫోటోగ్రాఫర్లంతా కలిసి పెట్టుకున్న గ్రూపు ఒకటుంది, అందులో నేనూ ఉన్నాను. వాళ్ళ దృష్టిలో నేను అదృష్టవంతుణ్ణి. మీ వైపు భలే టెక్స్చర్ ఉంటుంది సార్, అంటారు. టెక్స్చర్ అంటే పగుళ్ళిచ్చిన నేల, ముడతలు పడ్డ ముఖం. కొనకనమిట్ల వైపు వానల్లేక కంది ఎండిపోతే ఇక్కడ రైతు తల పట్టుకుంటాడు, అక్కడ గ్రూపులో చప్పట్ల బొమ్మలు వరసగా పడతాయి. వాళ్ళను చూసి నవ్వుకునేవాణ్ణి. నవ్వుకుంటూనే ప్రతి ఆదివారం పగుళ్ళు వెతుక్కుంటూ పోయేవాణ్ణి.

ఈ ఎండాకాలం ఆ గ్రూపువాళ్ళు ఒక ప్రదర్శన పెట్టదలిచారు. విషయం, చేతులు. చేతులంటే మా ఊళ్ళో ఎక్కడుంటాయో నాకు తెలుసు. పలకల గనుల దగ్గర ఒక షెడ్డు ఉంది. అక్కడ ఒక పెద్దాయన నలభై ఏళ్ళుగా రాయి చీలుస్తున్నాడు. ఉలి అంచున పెట్టి, సుత్తితో మెల్లగా తట్టి, చెవి వంచి వింటాడు. మళ్ళీ తడతాడు. రాయి పుస్తకంలో కాగితంలా పొర పొరగా విడిపోతుంది. ఆయన మనమరాలు మా కాలేజీలోనే చదువుతోంది. అందుకని నన్ను చూడగానే చేస్తున్న పని ఆపి లేచి నిలబడతాడు. నేను ఆయన్ను మామా అని పిలుస్తాను, ఆయన నన్ను సార్ అని తప్ప పిలవడు.

నేను వెళ్ళిన ఆదివారం పొద్దున ఆయన మనసు బాగాలేదు. కారణం ఆయనే చెప్పాడు. అంతకుముందు రెండు రాళ్ళు చీల్చేటప్పుడు అడ్డంగా విరిగాయట. షెడ్డు యజమాని, నీకు చూపు తగ్గింది, ఈ రాయి కూడా పాడైతే ఇంటికాడ కూర్చో అన్నాడట. ఆ రాయి అక్కడే ఉంది, తడి గోనెపట్టా కప్పుకుని. మంచి రాయి సార్, ఇది నిలబడితే నేను నిలబడినట్లే అన్నాడు. నేను సానుభూతితో తల ఊపాను. ఊపుతూనే ఆయన చేతుల మీద వెలుతురు ఎలా పడుతోందో చూశాను. బాగాలేదు. పదిగంటల ఎండ తెల్లగా, మొరటుగా ఉంది.

సాయంత్రం ఐదింటికి వెలుతురు పక్కనుంచి వస్తుంది, అప్పుడు చీలిస్తే అద్భుతంగా ఉంటుంది, అప్పటిదాకా ఈ రాయి ముట్టుకోవద్దు మామా అన్నాను. ఆయన సరేనన్నాడు. షెడ్డు నీడ పడకుండా రాయిని ఆరుబయటికి జరిపించాను. ఇక మిగిలింది గోనెపట్టా. ఎరువుల కంపెనీ అక్షరాలతో, మురికిగా, తడి ఓడుతూ, నా కళాఖండానికి దిష్టిచుక్కలా ఉంది. వెలుతురు పరీక్షించాలి కదా, అందుకని తీసేయమన్నాను.

"గోనె తియ్యగూడదు గదా సార్," అన్నాడు.

"కొంచెంసేపే మామా," అన్నాను.

తీసి మడత పెట్టాడు. నేను రెండు పరీక్ష ఫోటోలు తీసుకుని ఇంటికొచ్చి, భోంచేసి, ఫ్యాను కింద పడుకుని, హాయిగా నిద్రపోయాను. గోనె మళ్ళీ కప్పమని నేను చెప్పలేదు. సారు చెప్పకుండా కప్పితే సారు ఫోటో పాడవుతుందని ఆయన కప్పలేదు. ఏప్రిల్ ఎండ తన పని తాను చేసుకుంది.

ఐదింటికి వెలుతురు నేను చెప్పినట్లే వచ్చింది. ఆయన కూర్చున్నాడు, ఉలి పెట్టాడు, తట్టాడు, విన్నాడు. చాలాసేపు విన్నాడు. మళ్ళీ తట్టాడు. రాయి పొరగా లేవలేదు, ముక్కలై ఆయన కాళ్ళ మీద పడింది. ఆయన రెండు చేతులూ ఆ ముక్కల మీద పెట్టి అలాగే ఉండిపోయాడు. నేను అప్పుడేం చేశానంటారా? వరసగా పదకొండు ఫోటోలు తీశాను. వాటిలో ఏడోది నా జీవితంలో నేను తీసిన అత్యుత్తమ ఫోటో. అయ్యో, విరిగిందే మామా అని ఒక మాట కూడా అన్నాను, మర్యాదకు.

గ్రూపు ఊగిపోయింది. శ్రమలోని సౌందర్యం అన్నారొకరు. చేతులు మాట్లాడుతున్నాయి అన్నారు ఇంకొకరు. ప్రదర్శనకు ఎంపికైందని బుధవారం కబురొచ్చింది. మా ఆవిడ ఫోటో చూసి, ఈయనకేమైంది, ఏడుస్తున్నట్లున్నాడు అంది. కళ గురించి ఆవిడకు వివరించి ప్రయోజనం లేదని ఊరుకున్నాను.

గురువారం ఒక కాపీ పెద్దగా వేయించి ఆయనకిద్దామని షెడ్డుకు వెళ్ళాను. ఆయన లేడు. పని మాన్పించారని పక్కన రాళ్ళు కోస్తున్నవాళ్ళు చెప్పారు. ఇల్లు కనుక్కుని వెళ్తే, ఆయన పంచెకు చేతులు తుడుచుకుని, ఫోటోను వెలుతురులోకి తిప్పి చూశాడు. తన ముఖం చూడలేదు, చేతులు చూడలేదు. రాయి మీద వేలు పెట్టాడు.

"రాయి ఆరిపోయింది సార్. తెల్లగయినాది చూడండి. తడి మీద ఉంటేనే పొర లేస్తాది. ఆరినాక ఎవురు కొట్టినా ఇంతే."

ఆ సంగతి అప్పుడే గట్టిగా చెప్పొచ్చు కదా మామా అన్నాను, తప్పు ఆయనదే అన్నట్లు.

"ఒకసారి చెప్పినా గదా. పిల్లకు చదువు చెప్పే సారుకు రెండోసారి ఎట్ల చెప్పేది?"

యజమానికి ఏం చెప్పావని అడిగాను. నా చెయ్యే తప్పినాదని చెప్పాను అన్నాడు. నా పేరు ఎత్తలేదు. ఆదివారం దాకా చూస్తానని, ఆలోగా మనసు మారితే కబురు పెడతానని యజమాని అన్నాడట. ఆ ఒక్క మాట పట్టుకుని ఆయన కూర్చుని ఉన్నాడు. నేను మాట్లాడతాను, తప్పంతా నాదని చెబుతాను, రాయి ఏ వేళకు తడిగా ఉందో ఏ వేళకు ఆరిందో కెమెరాలో గంటలతో సహా ఉంది, చూపిస్తాను అని మాటిచ్చాను. ఆయన రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. నాకు సిగ్గేసింది, కానీ తగినంత సిగ్గేసినట్లు లేదు.

ఎందుకంటే షెడ్డు అక్కడికి రెండు కిలోమీటర్లు కూడా లేదు, అయినా నేను వెళ్ళలేదు. ఆ సాయంత్రం స్పెషల్ క్లాసు ఉంది. శుక్రవారం ఫోటోకు ఫ్రేము కట్టించాలి, నల్లదా చెక్కదా అన్నది తేలలేదు. ఫోన్ చేయొచ్చు, కానీ ఇలాంటి విషయాలు ముఖాముఖి మాట్లాడటమే సంస్కారం అని నాకు నేనే చెప్పుకున్నాను. అసలు సంగతి, యజమాని ముందు నిలబడి, లెక్కల మేష్టారునైన నాకు పన్నెండేళ్ళుగా ఉంటున్న ఊళ్ళో రాయి ఎందుకు తడిపి ఉంచుతారో తెలియదని ఒప్పుకోవడం ఇష్టం లేదు. శుక్రవారం సాయంత్రం హైదరాబాదు బస్సెక్కాను.

ప్రదర్శన చల్లటి గదిలో జరిగింది. ఆదివారమంతా నా ఫోటో పక్కన నిలబడ్డాను. కాఫీ కప్పులు పట్టుకుని జనం వచ్చారు, ఒక అడుగు వెనక్కి వేశారు, తల పక్కకు వంచారు. ఈయన ఎవరు అని ఒకావిడ అడిగింది. పలకలు చేసే కళాకారుడు అన్నాను. ఇలాంటివాళ్ళు అంతరించిపోతున్నారు కదా అంది. అవునండీ, పట్టించుకునేవాళ్ళు లేరు అన్నాను. ఆ మాట అనేటప్పుడు నా గొంతు కూడా కాస్త వణికింది, అది విని నేనే ముగ్ధుణ్ణయ్యాను.

సోమవారం బస్సు దిగి నేరుగా షెడ్డుకు వెళ్ళాను. యజమానికి కెమెరా ఇచ్చి ఒక్కో ఫోటో జరిపి చూపించాను. పొద్దున పదింటికి నల్లగా నిగనిగలాడుతున్న రాయి, సాయంత్రం ఐదింటికి బూడిద రంగు రాయి. ఆయన నాకంటే చిన్నవాడు. కోప్పడలేదు. రెండుసార్లు వెనక్కీ ముందుకీ చూసి కెమెరా జాగ్రత్తగా నా చేతికిచ్చాడు.

"నిన్న పొద్దుగూకేదాకా చూసినా సార్. ఎవురన్నా వచ్చి ఒక్క మాట చెప్తారేమో అని. ఆ ముసలాయన కొట్టిన రాయి అట్ల విరగదని నాకూ అనిపిస్తానే ఉంది. రాత్రి గిద్దలూరాయనకు మాటిచ్చేసినా. ఈ పొద్దు పనిలోకి దిగినాడు."

షెడ్డు లోపల ఎవరో కొత్త మనిషి ఉలితో తడుతున్నాడు. ఇంకొకరిని పెట్టుకునేంత పని ఇప్పుడు లేదని, ఉంటే చెబుతానని యజమాని అన్నాడు. నేను అక్కడినుంచి పెద్దాయన ఇంటికి వెళ్ళాను. దారిలో చెప్పాల్సిన మాటలు చాలానే కూర్చుకున్నాను. నన్ను చూడగానే ఆయన లేచి నిలబడ్డాడు, లోపల్నుంచి కుర్చీ తెచ్చి వేశాడు. నా ముఖం చూస్తే సంగతి తెలిసిపోయినట్లుంది, షెడ్డు మాట అడగలేదు. మంచినీళ్ళిచ్చి ఎదురుగా కింద కూర్చున్నాడు.

"పట్నంలో ఫోటో బాగుందన్నారా సార్?" అని అడిగాడు.

బాగుందన్నారని చెప్పాను.