పేరు పెట్టి చేసిన ప్రార్థన

మా చర్చి సంఘంలో ప్రతి ఇల్లాలూ వంటకు బియ్యం తీసినప్పుడు ఒక పిడికెడు పక్క డబ్బాలో వేస్తుంది. ఆదివారం ఆ డబ్బా తెచ్చి మందిరం వెనక గదిలో డ్రమ్ములో కుమ్మరిస్తుంది. సన్నవీ దొడ్డువీ కలిసిపోయి, వండితే సగం మెతుకులు ముద్ద, సగం పలుకు. అయినా గోదావరిఖనిలో పని పోయిన ఎన్నో ఇళ్లకు ఆ బియ్యమే ఆసరా.

శనివారం మధ్యాహ్నం నేనూ అవ్వా సంచులు నింపేవాళ్లం. బొగ్గుబాయిలో పని చేసి రిటైరైన ఆయన భార్య ఆమె. అందరికీ అవ్వే. నాకు మోకరించడం నేర్పిందీ ఆమే. సంచి మూతి కట్టే ముందు దాని మీద చెయ్యి పెట్టి, ఏ ఇంటికి పోతుందో ఆ ఇంటివాళ్ల పేరు పలికి ప్రార్థించాలి. ఈ పద్ధతి ఆమె పెట్టిందే.

పోయిన వానాకాలం కూరగాయల మార్కెట్లో ఒకామె నా చెయ్యి పట్టుకుంది. ఏళ్లుగా మా డ్రమ్ములో బియ్యం పోసిన మనిషి. భర్త ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో కాంట్రాక్టు టిప్పర్ డ్రైవరు. నడుము దెబ్బతిని మంచంలో ఉన్నాడు.

"అక్కా, మా ఆయన లేచేదాక బియ్యం ఇయ్యుండ్రి. ఆయనకు తెల్వద్దు. కుట్టుపని చేసి తెస్తున్న అని చెప్పిన. అడుక్కొచ్చిన బియ్యమని తెలిస్తే ముద్ద ముట్టడు."

నా నోటి నుంచి రాదని మాటిచ్చాను.

ఆ శనివారం ఆమె సంచి దగ్గర ఆగిపోయాను.

"ఎవలది బిడ్డా?" అంది అవ్వ.

"ఒక ఇంటిది."

"ఒక ఇల్లంటే దేవునికి ఎట్ల ఎరుకైతది? పేరు చెప్పు."

చెప్పాను. మన ఇద్దరి మధ్యే ఉండాలన్నాను.

"పిచ్చిదానా, నేనేమన్న చాటింపు ఏస్తనా?" అని నవ్వింది.

మూడు వారాలు గడిచాయి. నాలుగో ఆదివారం ప్రార్థన చేసే వంతు అవ్వది. మైకు పట్టుకుని కళ్లు మూసుకుంది. "ప్రభువా, నిన్నటిదాక పెట్టిన చెయ్యి ఇయ్యాల చాపింది. నీ బిడ్డను కనికరించు" అంటూ ఆమె పేరు చెప్పింది. భర్త పేరు చెప్పింది. విరిగిన నడుము గురించి, మేమిచ్చే సంచి గురించి చెప్పింది. ఆడవాళ్లు ఏడ్చారు. అందరూ ఆమెన్ అన్నారు.

మందిరం పైన మైకు హారన్ ఉంది. వాళ్ల కిరాయి గది రెండు సందుల అవతల.

నేను కళ్లు తెరిచేసరికి, బియ్యం అడిగినామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. మధ్యలో లేస్తే అందరూ చూస్తారని చివరి పాటదాకా కూర్చుంది.

అందరూ పోయాక అవ్వను నిలదీశాను. "మాటిచ్చినవ్ గదా అవ్వా!"

"మనుషులకు చెప్పిన్నా? దేవునికి చెప్పిన. గంతమంది ఆమెన్ అన్నరు, ఆ ఇంటికి మేలు కాదా?" అంది. నేను కదలకపోవడం చూసి, "నీ ప్రార్థనకు ఎవలూ ఏడ్వరని కుళ్లా ఏంది?" అంది.

నాకు దుఃఖం ఆగలేదు. చాటుగా ఇవ్వాలనే వాక్యం నాతో వల్లె వేయించిన మనిషి ఆమె. తప్పు చేశానన్న నీడ కూడా ఆ ముఖంలో లేదు. నిజంగానే మేలు చేశాననుకుంది. తిట్టి ఉంటే ఓర్చుకునేదాన్ని.

సాయంత్రం వాళ్లింటికి పోయాను. ఆమె గడపలోనే నిలబడింది. లోపల ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"కంచం తోసేసిండు" అంది మెల్లగా. "దేవునికి నేను చెప్పుకోలేదా అక్కా? రోజూ చెప్పుకున్న. ఇంక మీరెందుకు చెప్పుడు?"

"నేను కాదు, అవ్వ..."

"అవ్వకు ఎవలు చెప్పిండ్రు?"

ఆమె నా కళ్లలోకి చూసి మళ్లీ అడిగింది.

"అందరితోని నువ్వు గూడ ఆమెన్ అన్నవా?"

అన్నాను. ఏం వింటున్నానో మనసుకు ఎక్కేలోపే, అలవాటైన నోరు అనేసింది. అదే ఆమెకు చెప్పాను. ఆమె లోపలికి పోయి, మిగిలిన బియ్యం సంచితో సహా తెచ్చి నా చేతుల్లో పెట్టి తలుపు వేసింది.

ఇప్పుడు ఆమె పొద్దున్నే ఆటో ఎక్కి జ్యోతినగర్ పోతుంది. ఇంజనీర్ల క్వార్టర్లలో అంట్లు తోముతుంది. మందిరానికి రావడం లేదు. ఆయన మళ్లీ తింటున్నాడని తెలిసింది. నాకు చెప్పింది ఆమె కాదు.