క్రిస్మస్ పొద్దున కొబ్బరినూనె గారెలు

ఆ రోజుల్లో, అంటే రెండువేల సంవత్సరం దాటిన ఒకటి రెండేళ్లకి, నాకు తెలియని విషయమంటూ లోకంలో ఏదీ ఉండేది కాదు. కేరళలో మూడేళ్లు నర్సింగు చదివి వచ్చి, పలాసలో ఓ చిన్న ఆసుపత్రిలో కొత్తగా చేరాను. సెలవు దొరికితే సోంపేట దగ్గర మా ఊరికి వచ్చేదాన్ని. బస్సులోంచి నా బ్యాగు కంటే ముందు నా సలహాలు దిగేవి. చిన్నాన్నకి ఉప్పు తగ్గించమని, మామ్మకి పొగాకు మానమని, అడగనివాళ్లకి కూడా ఏదో ఒకటి చెప్పేదాన్ని. ఊళ్లో అందరూ నన్ను 'సూదుల పాప' అనేవారు. (అది గౌరవమే అనుకునేదాన్ని.)

అప్పట్లో నా తలకెక్కిన పెద్ద విషయం కొబ్బరినూనె వంట. హాస్టల్లో చేరిన మొదటి నెల అన్నం ముందు కూర్చుంటే, పక్కన ఎవరో తల దువ్వుకుంటున్నట్టు వాసన వచ్చి ముద్ద దిగేది కాదు. మూడో నెలకి వేళ్లు నాకడం మొదలుపెట్టాను. మూడో ఏటికి ప్రచారకురాలినైపోయాను. తేలిగ్గా అరుగుతుంది, గుండెకి మంచిది, చర్మం నిగనిగలాడుతుంది, జ్ఞాపకశక్తి పెరుగుతుంది అని కనిపించినవాళ్లకల్లా చెప్పేదాన్ని. (ఇందులో ఏది పుస్తకంలో చదివానో, ఏది నా గదిలో ఉండే కొట్టాయం పిల్ల చెప్పిందో అప్పటికే మర్చిపోయాను. జ్ఞాపకశక్తి సంగతి అలా ఉంది.) నా బాధల్లా మా ఉద్దానం ప్రాంతం గురించే. ఎటు చూసినా కొబ్బరిచెట్లే, లారీలకి లారీలు కాయలు పంపిస్తాం, తీరా కూరలోకి మాత్రం కొట్టునుంచి వేరుశనగ నూనె కొనుక్కుంటాం. మా వాళ్ల దృష్టిలో కొబ్బరినూనె ఉన్నది తలకి రాసుకోవడానికే.

మా చర్చిలో క్రిస్మస్ నాడు తెల్లవారుజామున ఆరాధన అవగానే, సంఘమంతా ఆవరణలో బంతిగా కూర్చుని గారెలూ కోడికూరా తినడం ఆనవాయితీ. పన్నెండేళ్లుగా ఆ వంటకి పెద్ద మా అమ్మే. అలాగని ఎక్కడా రాసి లేదు గానీ, మా చర్చిలో పాస్టరు అయ్యగారి తర్వాత మాట చెల్లేది అమ్మకే. ఆ ఏడాది మాత్రం టెక్కలి నుంచి మా ఊరొచ్చి స్థిరపడిన ఓ పెద్దావిడ (అందరూ టెక్కలమ్మ అనేవారు) స్త్రీల కూటంలో మెల్లిగా ఒక మాట వేసింది. "మోకాళ్ల నొప్పులతోటి ఎన్నాళ్లు సేత్తావమ్మా? గరిటె ఇంకెవులికైనా ఒగ్గీరాదా?" ఆ మాట అమ్మకి ములుకులా గుచ్చుకుంది. ఈసారి వంటకి వంక పెట్టే వీలుండకూడదని పంతం పట్టింది. సరిగ్గా అప్పుడే నేను సెలవు పెట్టుకుని దిగాను.

"తలకి రాసుకునే నూనితోటి గారెలేటే? నలుగురూ నవ్విపోరా?" అంది అమ్మ.

"అక్కడ డాక్టర్లే ఇది తింటారమ్మా. నీకేం తెలీదు, ఊరుకో" అన్నాను.

అమ్మ "సరే, సదువుకున్నదానివి, సెప్తన్నావు" అని ఒప్పుకుంది. మా చెట్ల కాయలే ఎండబెట్టి, సోంపేటలో ఆడించి, రెండు డబ్బాల నూనె తెచ్చాం. ముందురోజు సాయంత్రం గారెలకీ, కోడికూరకీ ఆ నూనెతోనే బాణళ్లు ఎక్కించాం. వేడివేడి గారెలు ఎంత బాగున్నాయంటే, రుచి చూడ్డానికని వచ్చిన అయ్యగారు మూడు తిన్నారు. "మా గుంటది కేరళ సదువు మరి" అని అమ్మ కనీసం పదిమందితో అంది. నేను వినలేదన్నట్టు నటిస్తూ అన్నీ విన్నాను.

ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పాలి. డిసెంబరు వచ్చిందంటే మా ఇంట్లో తలనూనె సీసా గడ్డకట్టేది. బడికెళ్లే ముందు దాన్ని ఎండలో పెట్టడం, ఎండ రాకపోతే పుల్లతో గీకి తీసుకోవడం నాకు ఊహ తెలిసినప్పటినుంచీ అలవాటే. కానీ అది తలనూనె. ఇది వంటనూనె. రెండూ ఒకటేనన్న ఆలోచన ఈ చదువుకున్న బుర్రకి ఒక్కసారైనా తట్టలేదు.

తెల్లవారింది. మంచు, చలిగాలి. ఆరాధన అయ్యాక గంపల మీది గుడ్డలు తీస్తే, గారెలన్నీ సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. పిల్లలు గోళ్లతో గీకి ఆ తెలుపు చూసి మురిసిపోతున్నారు. కోడికూర మళ్లీ మరగబెట్టి వడ్డించాం గానీ, చల్లటి నేలమీది విస్తళ్లలో అది అయ్యగారి ప్రార్థన ముగిసేసరికి (అయ్యగారి ప్రార్థన పొట్టిది కాదు) మీగడ కట్టేసింది. నోట్లో పెట్టుకుంటే అంగిలికి మైనం పూసినట్టే. "నాకు కూరొద్దమ్మా, నాను జడేసుకునే వొచ్చినాను" అంది మా మేనత్త. చర్చి గంట కొట్టే తాత చెయ్యి కడుక్కోకుండా బట్టతల మీద శుభ్రంగా రుద్దుకుని, "కడిగితే పోయేలా లేదర్రా, పారబొయ్యడం ఎందుకు?" అన్నాడు. బంతి బంతంతా నవ్వింది.

ఆ నవ్వులోంచే టెక్కలమ్మ లేచింది. "నవ్వుతారేటర్రా? పండగపూట ఇంతమంది తిండి పాడైపోనాది. ఈ నూని ఎయ్యమని ఎవులు సెప్పినారు?"

నేనే అని చెప్పడానికి నోరు తెరిచాను. అంతలో అమ్మ గరిటె కింద పెట్టి, అందరి ముందుకీ వచ్చింది. "నానే సెప్పినాను. మా గుంట వొద్దనే అన్నాది. నానే ఇన్లేదు" అంది, ముందురోజు నా కేరళ చదువు గురించి గొప్పలు చెప్పుకున్న నోటితోనే. అని, ఆ మోకాళ్లతోనే నేలమీద కూర్చుని, విస్తరిలో నాలుగు గారెలు వేసుకుని, ఒక్కొక్కటీ నిదానంగా తింది. నేను ఆవిడ పక్కన నిలబడే ఉన్నాను, కిక్కురుమనలేదు. అంత సిగ్గు నాకు మళ్లీ ఎప్పుడూ కలగలేదు.

తర్వాతి క్రిస్మస్‌కి గరిటె టెక్కలమ్మ చేతికి వెళ్లింది. అమ్మ ఓ మూల కూర్చుని ఉల్లిపాయలు కోసింది. నన్ను ఒక్క మాటైనా అనలేదు. ఇప్పుడు నా ఫోన్‌కి రోజూ కొబ్బరినూనె అమృతమని ఒకరు, విషమని ఒకరు పంపిస్తుంటారు. ఎవరైనా అడిగితే, ఏ నూనైనా కొంచెమే వాడండి అని తప్పించుకుంటాను. మొన్న అమ్మకి ఫోన్ చేసి, ఆ నూనె సంగతి నిజం రాసేస్తున్నాను, తప్పు నాదేనని అందరికీ చెప్పేస్తాను అన్నాను.

"రాసుకుంతే రాసుకో" అంది అమ్మ. "గానీ గారెలు బాగా వొచ్చినాయని కూడా రాయి."

నూనె నా నిర్ణయమే. అమ్మ గారెలు మాత్రం చాలా బాగా వచ్చాయి.