ఫ్రెంచి రేసుగాడు, ఎర్రగళ్ల తువ్వాల

ఆ రోజు జమ్మలమడుగు బస్టాండులో నేను ఇంకొకరి తువ్వాల మీద కూర్చున్నాను. తప్పు అక్కడే మొదలైంది.

పులివెందులలో నా స్నేహితుడు ఓబులేసు సైకిళ్ల అంగడి తెరుస్తున్నాడు. లోపల పెద్ద పటం ఒక ఫ్రెంచి సైకిలు రేసుగాడిది. ఆయన పందేలన్నీ ఫోనులో చూసే పిచ్చి నాది కాబట్టి, ఆయన గురించి నాలుగు మాటలు చెప్పమని నన్ను పిలిచాడు. ప్రొద్దుటూరులో ఏడున్నరకు ఉగ్గాని, బజ్జీ తినేసరికి నేరుగా పోయే బస్సు తప్పింది. జమ్మలమడుగులో మారాల్సి వచ్చింది.

అక్కడ పులివెందుల బస్సు రాగానే జనం కిటికీల్లోంచి తువ్వాలలు విసిరారు. నా దగ్గర తువ్వాల లేదు. చివరి చుట్టులో ఫ్రెంచివాడు దూసుకుపోయినట్టు తలుపులోంచి దూరి, ఎర్రగళ్ల తువ్వాల పడి ఉన్న సీటులో కూలబడ్డాను. వెనకే ఒకాయన, కాలికి పిండికట్టుతో ఉన్న భార్యను పట్టుకుని వచ్చాడు.

"ఈడ తువ్వాల ఏసింటినే, సూసినావా అప్పా?"

"సూళ్లేదప్పా" అన్నాను. ఇక లేస్తే తువ్వాల బయటపడుతుంది.

"పోనీలేయ్యా, ఇరిగింది ఒగ కాలే గదా. ఇంగోటి ఉండాది" అందామె. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను.

ముద్దనూరులో ఎవరో దిగేదాకా ఆమె కమ్మీ పట్టుకుని నిలబడింది. నేను చీనీ తోటలు చూస్తున్నట్టు నటించాను. పులివెందులలో వాళ్లు ఆసుపత్రికి ఆటో ఎక్కాక గానీ లేవలేదు. తువ్వాల నా భుజాన మిగిలింది.

అంగడిలో నా ప్రసంగం బాగానే సాగింది. ఆ ఫ్రెంచివాడు రొట్టెలు కాల్చే ఇంట్లో పుట్టి, సైకిలు మీద రొట్టెలు మోసి, సైకిలు పందేలకు వేసే గుండ్రటి చెక్క బాట మీద ప్రపంచ విజేత అయ్యాడని చెప్పాను. పందెం మధ్యలో సైకిలు మీదే కదలకుండా నిలిచి ఎదుటివాడి ఓపికను పరీక్షిస్తాడని, జపానువాళ్లు పిలిపించుకుని మరీ పందేలు ఆడించారని చెప్పాను.

"గెలిచినోళ్లు శానామంది ఉంటారు. ఈయనంటేనే అంత పిచ్చేంది?" అన్నాడు ఓబులేసు.

"ఒకసారి గెలిచాక, 'వాడి దారికి నేనే అడ్డం పోయాను' అని తనే చెప్పి పతకం వదులుకున్నాడు. ఆ తర్వాతే అక్కడ పిల్లలకు ఆయన పేరు పెట్టడం మొదలైంది" అన్నాను.

"మంచోడే. ఈ తువ్వాల యాడిదప్పా? నీకు భుజాన ఏసే అలవాటు లేదే."

నా ప్రసంగం అక్కడితో ముగిసింది. ఓబులేసు వండించిన రాగిసంగటి, నాటుకోడి పులుసు వదిలేసి, ఆ మొగుడూ పెళ్లాం తిరిగొస్తారని బస్టాండులో కూర్చున్నాను. సంగతి చెప్పనందుకు ఓబులేసు నొచ్చుకున్నాడు.

నాలుగింటికి వాళ్లిద్దరూ వచ్చారు. జమ్మలమడుగు బస్సు మలుపు తిరుగుతుండగానే ఎర్రగళ్ల తువ్వాలను కిటికీలోంచి విసిరాను. ఎక్కి కాపలా కాసి, ఆమె రాగానే లేచాను.

"ఇది మా తువ్వాలే" అన్నాడాయన.

"మీదే. పొద్దున దీని మీదే కూర్చున్నాను. మీరడిగితే అబద్ధం చెప్పినాను."

ఆమె తువ్వాలను రెండు వేళ్లతో ఎత్తి చూసింది. "అంతసేపు కూసున్నోనివి, ఉతికిచ్చేదానికి ఏమొచ్చె?"

ముద్దనూరులో ఒక సీటు ఖాళీ అయింది. "కూసోప్పా" అందామె. కూర్చోలేదు. జమ్మలమడుగు దాకా కమ్మీ ముట్టకుండా, కదలని సైకిలు మీద ఆ ఫ్రెంచివాడిలా నిలబడి పోదామనుకున్నాను. మొదటి మలుపులోనే నేను తూలితే ఆమె భర్త నా చొక్కా పట్టుకుని ఆపాడు. దిగేదాకా వదల్లేదు.