బావ క్యానూ, లడఖ్ సరస్సూ

ఆ రోజుల్లో నాకు ఏ సంగతైనా డైరీలోకి ఎక్కితేనే జరిగినట్టు. రైలు ఎన్ని నిమిషాలు ఆలస్యమైందో, దారిలో ఎన్ని వంతెనలు వచ్చాయో రాసుకోనిదే నిద్ర పట్టేది కాదు. (ఇప్పటికీ పట్టదు. కాకపోతే ఇప్పుడు బీపీ కూడా రాస్తున్నాను.) తిరుపతిలో ఉద్యోగంలో చేరిన కొత్తలో, లడఖ్‌లో ఒక పెద్ద సరస్సు ఉందనీ, దాని ఒడ్డున గుడారాల్లో ఉండవచ్చనీ విని, బయలుదేరక ముందే డైరీలో ఒక పేజీకి గళ్ళు గీసి పెట్టాను: ఎత్తు, పొడవు, చలి, నీరు. నీరు అన్న గడిలో ‘తియ్యనిది’ అని ముందే రాసేశాను కూడా. మంచు కరిగి వచ్చే నీళ్ళు తియ్యగా కాక ఇంకెలా ఉంటాయి?

ఆ మాటా, ఆ సరస్సు ఏ కాలంలోనూ ఎండదన్న సంగతీ మా బావతో అన్నాను. మా అక్క మొగుడు. బంగారుపాళ్యం దగ్గర మామిడితోట. మూడు బోర్లు వేస్తే మూడింట్లోనూ దుమ్మే లేచింది. నాలుగోదీ పోతే తోట అమ్మేసి గుజ్జు ఫ్యాక్టరీలో పనికి పోవాల్సిందేనని అక్క తేల్చి చెప్పింది. “ఎప్పుడూ ఎండిపోదా అది? అట్లయితే నేనూ వస్తా. ఆ నీళ్ళు తెచ్చి బోరు పాయింట్ మీద పోసి టెంకాయ కొడదాం” అని, ఐదు లీటర్ల క్యాను చంకన పెట్టుకుని రేణిగుంటలో నాతో రైలెక్కాడు. దారి పొడవునా దాన్నే తలకింద పెట్టుకుని పడుకున్నాడు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం జీపు ఆఖరి మలుపు తిరిగింది. ఎదురుగా కనిపించిన దాన్ని ఏ గడిలో రాయాలో నాకు తెలియలేదు. గడ్డిపరక మొలవని కొండల మధ్య అంతా నీలం. ఒడ్డున పలచగా, పోనుపోను చిక్కగా, కొండనీడ పడ్డచోట దాదాపు నలుపు. పెన్ను మూత తీసి మళ్ళీ పెట్టేశాను. బావ నాలుగడుగులకొకసారి ఆగి రొప్పుతూ (అక్కడ గాలి పలచన) గుడారాలు దాటి నీళ్ళ దాకా పోయాడు.

“ఒరే, ఇన్ని నీళ్ళు పెట్టుకోని ఒక్క చెట్టన్నా పెట్టలేదేరా ఈళ్ళు! మనకిచ్చుంటే జిల్లా అంతా తోటే చేసేసుందుము!” అంటూ కళ్ళు తుడుచుకున్నాడు. చలిగాలికేనని తరువాత చెప్పాడు.

చెప్పులు విడిచి, క్యాను నిండా ముంచి, తీర్థంలా ఒక దోసెడు నోట్లో పోసుకున్నాడు. మొహం ముడుచుకుపోయింది.

“ఏమైంది బావా, ఊపిరాడలేదా?”

“ఊపిరి కాదురా, ఉప్పు!”

“ఉప్పెట్ల ఉంటాది? మంచు నీళ్ళు కదా. డైరీలో కూడా రాసినాను.”

“అయితే నీ డైరీనే తాగిపిచ్చు!” అని దోసిలితో నా మీద చల్లాడు. సగం నీళ్ళు తెరిచి ఉన్న పేజీ మీద పడ్డాయి. గుడారాలు చూసుకునే పెద్దాయన నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నాడు.

బావ చాలాసేపు రాళ్ళ మీద కూర్చుండిపోయాడు. నా మాట నమ్మి దేశం ఈ చివర నుంచి ఆ చివరకు వచ్చిన మనిషి. చివరికి ఆయనే లేచి, క్యాను ఎత్తి, నీళ్ళను మెల్లగా సరస్సులోకే వంచాడు. “మంచిదేలే అబ్బా. తియ్యగా ఉండుంటే మనమాదిరోళ్ళు మోటార్లు పెట్టి ఎప్పుడో ఎండగట్టేసుందురు. ఎవురూ తోడకుండా సామే ఉప్పేసి పెట్టినాడు.” పొద్దు వాలేదాకా ఇద్దరం ఆ నీలం వైపే చూస్తూ ఉండిపోయాం.

ఊరికొచ్చాక నాలుగో బోరు వట్టి టెంకాయతోనే మొదలుపెట్టాం. నీళ్ళు ఎగజిమ్మగానే అందరూ ఈలలు వేస్తుంటే, బావ మాత్రం ఆ బురదనీళ్ళు దోసిట పట్టి నాలుక మీద వేసుకున్నాడు. “ఇప్పుడు రాసుకోరా. తియ్యగా ఉండాది.”

రాసుకున్నాను. మొన్న పాత డైరీలు సర్దుతుంటే సరస్సు పేజీ దొరికింది. ‘తియ్యనిది’ అన్న చోట సిరా అలుక్కుపోయి ఉంది. మిగతా గళ్ళన్నీ ఖాళీ. ఇన్నేళ్ళ డైరీల్లో నేను నింపని పేజీ అదొక్కటే. గదిలో ఎవరూ లేరని చూసుకుని, ఆ మరక మీద నాలుక ఆనించాను. (రిటైరైన మనిషి చేసే పనేనా ఇది!) కొంచెం ఉప్పగానే తగిలింది. సరస్సుదో, నా వేలి చెమటదో తేల్చుకోలేక, ఆ రోజు డైరీలో ఆ సంగతి రాయకుండా వదిలేశాను.