బాలసుబ్బయ్య పొడుగు చేతుల చొక్కా

ముందు చప్పుడు వినిపించింది. ధబ్. ఆ తర్వాత కొంచెం ఖాళీ. ఆ ఖాళీలో ఎవరో వెనక్కి నడిచి, ఆగి, పరుగెత్తుకుంటూ వచ్చిన అడుగులు. మళ్లీ ధబ్. కువైట్‌లోని ఈ మిష్రిఫ్ పేటలో ఉదయం పది గంటలప్పుడు ఇలాంటి చప్పుళ్లు ఉండవు. గోడల వెనక ఏసీలు గొణుగుతాయి, ఖర్జూరపు చెట్ల మొదళ్లలో పైపు నీళ్లు ఇంకుతాయి, అంతే.

"ఇనపడ్తాందా సార్?" నాకు గేటు తీసిన వెంకటేశ్వరి నవ్వింది. "నెలన్నర ఆయ ఈ మొత్తుడు ఇని. ముందు ఇది ఇంటే తలకాయి నొప్పి వస్తాండె. ఇప్పుడు ఇదే మందు మాదిరి ఉండాది."

ఆమె ఆ విల్లాలో వంట చేస్తుంది. ఆమె భర్త బాలసుబ్బయ్య ఆ ఇంటికి డ్రైవరు. కార్ల షెడ్డు చివర గోడకు పాత పరుపు వేలాడదీసి, దాని మీద సుద్దముక్కతో మూడు స్టంపులు గీసి, బంతులు వేస్తున్నది అతనే. ముప్పై మూడేళ్ల మనిషి. రాయచోటి వైపు నుంచి పదకొండేళ్ల కిందట వచ్చాడు. అయిదేళ్లుగా కువైట్ దేశపు జట్టులో ఫాస్ట్ బౌలర్. ముప్పై ఏడు అంతర్జాతీయ వికెట్లు.

అతన్ని కనిపెట్టింది నౌమాన్, జట్టు కెప్టెన్. రిగ్గై పక్కన ఇసుక నేలలో శుక్రవారం శుక్రవారం ఆడుకునే మనుషుల మధ్య ఒకడి బంతి గాలిని చీరుకుంటూ పోవడం చూసి కారు ఆపాడు. కొన్నేళ్లు ఇక్కడే బతికినవాళ్లు ఈ జట్టుకు ఆడవచ్చని బాలసుబ్బయ్యకు ఆ రోజే తెలిసింది. ఇంటి యజమానురాలికి మాత్రం చాలాకాలం చెప్పలేదు. ఒకరోజు మేడ మీద బట్టల తీగకు తన దేశం పేరు రాసిన చొక్కా ఆరుతుండడం ఆమే చూసింది.

"మామా, అదే ఇంటామె, పిలిచి ఎవురిది అనె. నాది అంటి. దొంగతనం చేసినాననుకుందేమో అని ఫోన్లో జట్టు ఫోటో తీసి చూపిస్తి," అన్నాడు బాలసుబ్బయ్య, తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ. "ఆమె నవ్వి నవ్వి సోఫాలో కూలబడె. ఆన్నుంచి మ్యాచ్ అంటే చాలు, యల్లా రూహ్, పో అంటాది."

ఆ చొక్కాకు పొడుగు చేతులు. నేల పెనంలా కాలే నెలల్లో కూడా అతను మణికట్టు దాకా గుండీ పెట్టుకునే ఆడేవాడు. "శాదీ మే జా రహా హై క్యా?" పెళ్లికి పోతున్నావా అని నౌమాన్ ఏడిపించేవాడు. పెళ్లికొడుకులా నవ్వి ఊరుకునేవాడు ఇతను.

చేతుల కింద ఉన్నది పన్నెండేళ్ల వయసునాటి సంగతి. టమేటా లారీ మీంచి పడి కుడి మోచెయ్యి విరిగింది. పుత్తూరు తీసుకుపోయి కట్టు కట్టించారు. ఆకు పసరు, గుడ్డు సొన, వెదురు బద్దలు. నెల దాకా విప్పవద్దన్నారు. పన్నెండో రోజున పక్క ఊరితో పందెం మ్యాచ్ పడింది. పిల్లవాడు గడ్డివామి చాటుకు పోయి కొడవలితో కట్టు కోసేసుకున్నాడు. ఆ మ్యాచ్ గెలిచారు. మోచెయ్యి మాత్రం నెలవంకలా కొంచెం వంగి అలాగే నిలిచిపోయింది. మళ్లీ తిన్నగా సాగలేదు.

ఆ వంకర కనపడకూడదనే పొడుగు చేతులు. దాచినదాని మీదే కళ్లు పడతాయి కదా. మొన్నటి టోర్నమెంటులో స్క్వేర్ లెగ్ దగ్గర, అంటే బౌలర్ చెయ్యి పక్కనుంచి కనపడే చోట, నిలబడ్డ అంపైర్‌కు అనుమానం వచ్చింది. ఇతను బంతి వేయడం లేదు, మోచెయ్యి విదిలించి విసురుతున్నాడని రాసి పంపాడు.

విసరడం క్రికెట్‌లో దొంగతనం కింద లెక్క.

"చేతికి పరీక్ష అయ్యేదాకా నువ్వు ఆడొచ్చు అనె నౌమాన్ భాయ్. నేను ఆడ్ను అంటి. ఆటలోంచి తీసేస్తే తీసేయనీ సార్, నా వయసుకు అది ఎట్లైనా వచ్చేదే. ఆ ముప్పై ఏడూ దొంగ వికెట్లంటే? అది ఎట్ల మోయల్ల?"

నెలన్నర పరుపు మౌనంగా వేలాడింది. అన్నం ముందు కూర్చుని మోచెయ్యినే చూసుకునేవాడట.

"నేనూ అంటి," అంది వెంకటేశ్వరి టీ గ్లాసులు దించుతూ. "ఆ సేత్తోనే నాకు తాళి గట్నావు, అదీ ఇసిరేసింటివా అని."

"దీనికి అన్నీ ఎగతాళే సార్."

చెన్నైలో పరీక్ష. మామా నాలుగు రోజులు సెలవిచ్చింది. అక్కడ చొక్కా విప్పమన్నారు. భుజానికి, మోచేతికి, మణికట్టుకు చిన్న చిన్న తెల్ల గోళీలు అతికించారు. చుట్టూ కెమెరాలు. చిన్నప్పటి తర్వాత మొదటిసారి ఆ చెయ్యి వెలుతురులో బంతి వేసింది. మొదటి బంతికి సిగ్గేసిందట. మూడో బంతికి గాలి తగిలిందట, చెమట మీద, వంపు లోపల, ఎవరో ఊదినట్టు. ఆరు ఓవర్లు వేశాడు.

ఫలితం ఆ ఇంటి పిల్లల బడి బయట, కార్ల వరసలో ఆగి ఉన్నప్పుడు ఫోన్లోకి వచ్చింది. ఇంగ్లీషు కాగితం. పదిహేను అని ఒకచోట, ఎనిమిది అని ఒకచోట.

"పదైదుకు ఎనిమిది మార్కులు, ఏదో పాసయినాను పో అనుకుంటి. నౌమాన్ భాయికి అదే చెప్తి. ఆయన ఒకటే నవ్వు."

మార్కులు కావవి. బంతి వదిలేటప్పుడు మోచెయ్యి ఎంత సాగిందో చెప్పే కొలత. పదిహేను డిగ్రీల దాకా తప్పు లేదు. వంగి ఉండడం అసలు తప్పే కాదు. అతనిది ఎనిమిదే. ముప్పై ఏడు వికెట్లూ అతనివే. బాలసుబ్బయ్య ఏసీ ఆపి కారు అద్దాలన్నీ దించేశాడు. వేడిగాలి లోపలికొచ్చి పక్క సీట్లో కూర్చుంది. పిల్లలు ఎక్కి గోల పెట్టేదాకా అలాగే ఉన్నాడు.

ఆ సాయంత్రం వెంకటేశ్వరి, కోడిని కోసే వంటింటి కత్తెర తెచ్చి, ఆ చొక్కా రెండు చేతులూ మోచేతికి పైన కత్తిరించేసింది. అంచు కుట్టలేదు. ఇప్పుడతను వేసుకున్నది అదే. దారాలు వేలాడుతున్నాయి.

లోపలి నుంచి మామా కేక వినపడింది. బాలసుబ్బయ్య బంతిని పరుపు కిందికి దొర్లించి, కారు తాళాలు తీసుకున్నాడు.

"శుక్రవారం గ్రౌండుకు రాండి సార్. స్క్వేర్ లెగ్ పక్క కూచోండి. ఆన్నుంచి సెయ్యి బాగ కనపడ్తాది."