హల్మొని ఇచ్చిన నీళ్లు

మా నాయిన మత్తయ్యకు కొరియా భాష వచ్చంటే ధారూర్‌లో ఎవరూ నమ్మేవారు కాదు. సంతకం కూడా రాని ఇంట్లో పుట్టినవాడికి పరాయి దేశపు భాష ఏమిటని నవ్వేవారు. నవ్వితే నవ్వనీ. నిజాం రాజ్యం పోయిన మరుసటేడు ఆయన ఫౌజులో చేరాడు. గాయపడ్డవాళ్లను మోసే పని. యుద్ధం జరుగుతున్న కొరియాకు పంపారు. తిరిగొచ్చేసరికి నాకు ఆరేళ్లు.

అక్కడి దవాఖానాలో బట్టలుతికే ముసలామె ఆయనకు గురువు. వాళ్ల భాషలో అవ్వను హల్మొని అంటారు, ఆమెను అందరూ అలాగే పిలిచేవారట. మోసుకొచ్చిన పల్లె జనాన్ని నొప్పి ఎక్కడని అడగడానికి నాయినకు మాట లేదు. ఆమె ఉతుకుతూనే ఒక్కో మాటా చెప్పేది. తప్పు పలికితే తడిబట్టతో భుజం మీద ఒకటి వేసేది. 'అపయో' అంటే నొప్పిగా ఉందా అని. 'ముల్' అంటే నీళ్లు. ప్రాణం పోయేవాళ్లు తల్లిని పిలిచే పిలుపు మాత్రం ఎవరూ నేర్పనక్కర్లేకపోయిందని చెప్పేవాడు.

ఒకరోజు ఎండన పడి వచ్చి 'ముల్' అని అడిగాడు. ఆమె గిన్నె నిండా నీళ్లు తెచ్చింది. నాయిన వంగి, దోసిలి నోటి దగ్గర పెట్టుకుని నిలబడ్డాడు. మా ఊళ్లో పటేల్ ఇంట్లో మా వాడవాళ్లం అలాగే తాగాలి. పైనుంచి పోస్తారు, చెంబు ముట్టనివ్వరు. హల్మొనికి అదేమిటో తెలియదు. కడుపునొప్పితో వంగాడనుకుని "అపయో?" అంది. కాదని తల ఊపితే, గిన్నెను రెండు చేతులతో పట్టి ఆయన దోసిట్లో పెట్టింది. అతిథికి అలా ఇవ్వడం వాళ్ల మర్యాద. నాయినకు ఏడుపు ఆగలేదు.

తిరిగొచ్చాక పటేల్ ఇంట్లో నీళ్లు మానేశాడు. పటేల్ చేనులో కూలి చేసే మా అవ్వ శాంతవ్వను కూడా, అంటే తన తల్లిని, మానమన్నాడు. ఆమెకు ఒళ్లు మండింది.

"నువ్వు ఫౌజు జీతం తిని ఒచ్చినవ్. నాకు గా చేన్ల కూలే దిక్కు. అది పోతే గీ పొయ్యి మీద నీ కొరియా మాటలు ఉడకేస్తవా?"

"నువ్వు గట్ల వంగితె నేను సూడలేనవ్వా."

"సూడకు మరి."

నాయిన తాండూరు బండల గనికి రైల్లో పోయి వచ్చేవాడు. తల్లీకొడుకులకు మాటల్లేవు. తెల్లారగానే మాత్రం చెంబు నీళ్లు రెండు చేతులతో ఆమెకు ఇచ్చేవాడు. ఆమె తిట్టుకుంటూ లాక్కుని తాగేది. ఎవరిది తప్పని చెప్పను? ఆకలీ నిజమే, అవమానమూ నిజమే.

కంది కోతలప్పుడు ఒకరోజు అవ్వ పొద్దు వంగకముందే ఇల్లు చేరింది. పెదవులు ఎండిపోయాయి. గని బంద్ ఉండి నాయిన ఇంట్లోనే ఉన్నాడు.

"ఏమైందవ్వా?"

"పటేలమ్మ చెంబు ఎత్తింది. నాకు చేతులు లేవలే. దూప మస్తుగున్నది, అయినా లేవలే. చెంబు చేతికియ్యమన్న. రేపట్నుంచి రావద్దన్నది."

నాయిన నీళ్ల కోసం లేచాడు. ఆమె చెయ్యి పట్టి ఆపింది.

"జర ఆగు. కొరియాల నీ చేతికి గిన్నె ఇచ్చిన గా ముసలామె పేరేంది?"

పెద్దవాళ్లను పేరు పెట్టి పిలవని దేశం అది. నాయిన ఎన్నడూ అడగలేదు.

"తెల్వదవ్వా," అని తల దించుకున్నాడు.

ఆ వారమంతా గంజితోనే గడిచింది. ఆదివారం మా చర్చిలో ఒక్కొక్కరూ తమవాళ్ల పేర్లు చెప్పి ప్రార్థిస్తున్నారు. అవ్వ కూడా లేచి నిలబడింది.

"తండ్రీ, కొరియాల బట్టలుతికే మా అక్కను సల్లగ సూడు."